ఇద్దరు చేసిన ఒక్క కొలువు

జహీరాబాద్‌లో నన్ను పీఎఫ్ మేడం అంటారు. సుభద్ర అనే పేరు నాకుందని బ్యాంకువాళ్లకూ మా ఇంటివాళ్లకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. పనివాళ్లను పెట్టుకున్న యజమానులకు ఏ చట్టం ఏం అడుగుతోందో చెప్పడం, వాళ్ల చేత అది చేయించడం నా వృత్తి. జీతంలో ఎంత పీఎఫ్‌కు పోవాలి, పనిలో దెబ్బ తగిలితే ఈఎస్ఐకి ఎవరు రాయాలి, పనివాణ్ని తీసేస్తే ఏం ఇచ్చి పంపాలి, ఇలాంటివన్నీ. ట్రాక్టర్లకు విడిభాగాలు చేసి పంపే చిన్న చిన్న షెడ్లు, అల్లం వ్యాపారులు, హైవే మీది హోటళ్లు, లారీల యజమానులు, వీళ్లందరూ నాకు ఫీజు ఇచ్చే పార్టీలే. ఈమధ్యే ఆఫీసు మూసేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి నన్ను ఒకటే అడుగుతారు. మేడం, ముందు ఏ చట్టం చదవాలి అని. నాకు తెలియదు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. నేను జీవితమంతా కళ్లు పోయేలా చదివిన పాత చట్టాలన్నిటినీ కలిపి నాలుగు లేబర్ కోడ్లు చేశారు. సరిగ్గా నేను చేతులు కడుక్కునే సమయానికి అవి అమల్లోకి వచ్చాయి. పాతది పోయిందా, కొత్తది వచ్చిందా, రెండూ కొంతకాలం కలిసి నడుస్తాయా అని పార్టీలు అడిగితే, ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి, ఇంటికొచ్చి అన్నీ తప్పేమోనని కంగారు పడ్డ రోజులున్నాయి.

కాబట్టి చట్టం సంగతి వదిలేసి, నాకు ఇప్పటికీ సగమే అర్థమైన ఒక కేసు గురించి చెప్తాను. దానికి ముందు నా గురువు గురించీ, ఆ కేసులోని యజమాని గురించీ నాలుగు మాటలు చెప్పాలి.

సమజ్ కాలె

నాకు పని నేర్పింది కులకర్ణి సారు. బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ కలిపి మాట్లాడేవారు. నాలుగింటిలోనూ తిట్లే ఎక్కువ. కొత్త సర్క్యులర్ వస్తే కళ్లజోడు పైకి నెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివి, బల్ల మీద పడేసి "సమజ్ కాలె" అనేవారు. ఎదురుగా పార్టీ కూర్చుని ఉన్నా సరే, అర్థం కాలేదని ఒప్పేసుకునేవారు.

నాకు తల కొట్టేసినట్టుండేది. ఫీజు తీసుకుని తెలియదని చెప్పడమేమిటని ఒకరోజు అడిగేశాను.

"తెలిసినట్టు చెప్పెటోళ్లు మస్తు మంది ఉన్నరు సుభద్రా" అన్నారు. "సమజ్ కాలేదని చెప్పెటోడు ఊరికి ఒక్కడన్న ఉండాలె గద."

ఆయనకు రిజిస్టర్ల కంటే గేటు బయటి చాయ్ బండి మీద నమ్మకం. ఏ షెడ్డుకు వెళ్లినా ముందు పనివాళ్లతో కలిసి చాయ్ తాగి, ఎవరిది ఏ ఊరు, ఎవరి చేనులో ఏం వేశారు అని అడిగి, అప్పుడు లోపలికి వచ్చేవారు. గొప్ప గురువు అని మాత్రం నేననను. ఏదీ వివరించి చెప్పేవారు కాదు. తప్పు ఆయనదైనా పార్టీ ముందు నా మీదికే నెట్టేవారు. ఎన్నోసార్లు ఏడ్చి ఇంటికెళ్లాను. అయితే ఎదుటివాడు చెప్పేది వినడంలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు.

బట్టలుతికే అలవెన్స్

బస్వరాజ్ నాకు మొదటి నుంచీ ఉన్న పార్టీ. నాకంటే చిన్నవాడు. ఇనుప రేకుల్ని పవర్ ప్రెస్‌లో నొక్కి ట్రాక్టర్ల కోసం బ్రాకెట్లు చేసే షెడ్డు అతనిది. పనివాళ్లు సేఠ్ అంటారు. జీతం పెరిగితే దానితోపాటు పీఎఫ్ పెరుగుతుందని అతనికి బెంగ. అందుకని జీతాన్ని ముక్కలు చేసి, రానుపోను ఖర్చు, చాయ్ ఖర్చు, బట్టలుతికే అలవెన్స్ అని పేర్లు పెట్టేవాడు. ఆ షెడ్డులో ఒక్కరికీ యూనిఫాం లేదు. లుంగీల మీద వచ్చేవాళ్లూ ఉన్నారు.

"బస్వరాజ్, ఎవరికీ డ్రెస్సే లేకపాయె. ఏం ఉతుకుతున్నరు వీళ్లు?" అని అడిగాను.

"మనసు ఉతుక్కుంటున్నరు మేడం" అన్నాడు, తడుముకోకుండా.

ఇప్పుడు కొత్త కోడ్ల ప్రకారం ఈ అలవెన్సులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినదంతా జీతం కిందికే వస్తుంది. ఆ వార్త చూసి అతను నాకు ఫోన్ చేశాడు. "ఇగ ఎవ్వరు మనసు ఉతుక్కునుడు లేదా మేడం?" అన్నాడు పాపం. నవ్వాపుకోలేకపోయాను.

బస్వరాజ్ చెడ్డవాడు కాదు. పనివాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు వెళ్తాడు, దవాఖాన ఖర్చులకు జేబులోంచి ఇస్తాడు. చట్టం అడిగితే మాత్రం ఇవ్వబుద్ధి కాదు. మన దగ్గరి యజమానులు చాలామంది ఇంతే. వాళ్లు పచ్చి దుర్మార్గులైతే నా పని ఎంతో సులువయ్యేది.

రెండు వేళ్లు

ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు ఎక్కువగా న్యాల్‌కల్, రాయికోడ్ వైపు పల్లెలవాళ్లు. అందరికీ ఎంతో కొంత భూమి ఉంది. అల్లం తవ్వే రోజులొచ్చాయంటే ప్రెస్సుల దగ్గర మనుషులు పలచబడేవాళ్లు. ఒక్క సంగన్న మాత్రం ఏ కాలంలోనూ నాగా పెట్టేవాడు కాదు. బస్వరాజ్‌కు అతనంటే గర్వం.

నాకు మాత్రం సంగన్న ఒక వింత మనిషి. కులకర్ణి సారు అలవాటే నాకూ వచ్చి, షెడ్డుకు వెళ్లినప్పుడల్లా అందరినీ పలకరిస్తాను. పిల్లలెంతమంది అంటే ఒకసారి ఇద్దరాడపిల్లలు అన్నాడు. ఇంకోసారి ఒక్కడే కొడుకు అన్నాడు. ఒక నెలలో గలగలా మాట్లాడేవాడు, మరో నెలలో తల వంచుకుని నిలబడి ముక్తసరిగా జవాబిచ్చేవాడు. మనిషికి ఇంట్లో ఏదో పరేషాన్ ఉందనుకున్నాను.

హాజరు కోసం వేలిముద్ర మిషన్ పెట్టాలని మాల్ తీసుకునే పెద్ద కంపెనీ పట్టుబట్టడంతో బస్వరాజ్ ఒకటి కొన్నాడు. ఒక్కొక్కరివి రెండు వేళ్లు ఎక్కించాలన్నాడు దాన్ని బిగించడానికొచ్చినవాడు. ఒక వేలికి గాయమైతే రెండోది పనికొస్తుందని. సంగన్న ఒక వేలు పెట్టి, చేనికి నీళ్లు పెట్టే టైమైందని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు రెండో వేలు పెట్టింది అతని తమ్ముడు వీరేశ్. సూపర్‌వైజర్ దగ్గరుండి ఎక్కించాడు. ఇద్దరిలో ఎవరు వేలు పెట్టినా మిషన్ సంగన్న అనే పలికేది.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కొలువు అసలు మొదటి నుంచీ ఇద్దరిదట. చేనులో పెద్దవాడి అవసరముంటే చిన్నవాడు షెడ్డుకు వచ్చేవాడు, చిన్నవాడికి పనిబడితే పెద్దవాడు. తోటివాళ్లందరికీ తెలుసు. వీరేశ్‌ను చిన్న సంగన్న అని పిలిచేవాళ్లు. బస్వరాజ్‌కు తెలుసా? తెలియదంటాడు. తెలిసే ఉంటుందని నేనంటాను. ప్రెస్ ఆగకుండా నడుస్తోంది, అతనికి కావలసింది అదే.

వాళ్లెవరికీ ఇది మోసంగా తోచలేదు. ఇంటికి ఒక బావి ఉంటుంది, ఒక చేను ఉంటుంది, అలాగే ఒక కొలువు. బావిలో ఈరోజు నీళ్లు తోడింది ఎవరని రాసిపెట్టుకునే ఇల్లు ఉంటుందా?

సంగన్న ఎవరు?

అల్లం తవ్వుతున్న రోజులు. పొద్దున్నే బస్వరాజ్ ఫోన్. "మేడం, సంగన్న చెయ్యి ప్రెస్‌ల పడ్డది. జర జల్ది రాండ్రి" అన్నాడు. 

హైవే పక్కన చిన్న ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికి మంచం మీద ఒక మనిషి, కుడిచేతికి పెద్ద కట్టుతో కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. అదే ముక్కు, అదే మీసం. మంచం పక్కన నిలబడ్డవాడిదీ అదే ముక్కు, అదే మీసం. అతని కాళ్లకు మోకాళ్ల దాకా చేని మట్టి. చేతులు రెండూ బాగానే ఉన్నాయి.

"సంగన్న ఎవరు?" అని అడిగాను.

మంచం మీదివాడు కళ్లు తెరిచాడు. ఇద్దరూ బస్వరాజ్ వైపు చూశారు.

వీరేశ్ కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ పోయాయి. హాజరు మిషన్‌కు అతను ఇచ్చింది ఆ చూపుడువేలే. ఇప్పుడది మిషన్ లోపల తప్ప ఎక్కడా లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పనిలో దెబ్బ తగిలితే యజమాని వెంటనే ఈఎస్ఐ ఆఫీసుకు రిపోర్టు పంపాలి. దాన్నిబట్టి వైద్యం జరుగుతుంది. తరవాత డాక్టర్ల బోర్డు చెయ్యి చూసి, ఎంత నష్టం జరిగిందో తేల్చి, జీవితాంతం నెలనెలా కొంత ఇచ్చేలా రాస్తుంది. రెండు వేళ్లు పోయిన మనిషికి, పెళ్లాంబిడ్డలున్నవాడికి, అంతకు మించిన ఆధారం లేదు. ఆ రిపోర్టు ఎవరి పేరు మీద పంపాలన్నదే ఇప్పుడు చిక్కు. బయట వరండాలోకి వచ్చాం ముగ్గురం.

"నా హాజరు ముస్టర్‌ల వీరేశ్ అనెటోడే లేడు మేడం" అన్నాడు బస్వరాజ్. "లేనోని వేళ్లు తెగినయని ఎట్ల రాస్తం? దవాఖాన ఖర్చు నేను పెట్టుకుంట. పైన ఇంత చేతుల పెడత. గింతటితోని సాలు చేద్దం."

సంగన్న ఒప్పుకోలేదు. "నా పేరు మీదనే రాయిన్రి మేడం. నా ఈఎస్ఐ కార్డున్నది. పింఛను వస్తే ఇంటికే వస్తది గద. ఎవని పేరుంటే ఏంది?"

"బోర్డుల డాక్టర్లు చెయ్యి చూస్తరు సంగన్నా."

"నా కార్డు తీస్కొని వాడే పోతడు. ఫొటోల ఇద్దరం ఒక్క తీర్గనే ఉంటం."

"మరి నువ్వు?"

"నేను అల్లం చేను చూసుకుంట. ఇగ మీద నేను సంగన్నను కాకుంటే ఏమైతది మేడం?"

ఎంత తేలిగ్గా అన్నాడో ఆ మాట. తమ్ముడి కోసం తన పేరు వదులుకుంటానంటున్న మనిషికి, అది నేరమవుతుందని అప్పటికప్పుడు చెప్పబుద్ధి కాలేదు. రేపు చెప్తానన్నాను.

మూడు ఫోన్లు, ఒక వరండా

ఇంటికొచ్చి ముగ్గురికి ఫోన్లు చేశాను. సంగారెడ్డిలో ఒక వకీలు ఉన్నాడు. ఈ పొద్దే వీరేశ్‌ను కొత్తగా చేరినవాడిగా చూపించండి, మొదటి రోజే దెబ్బ తగిలినా ఈఎస్ఐ వర్తిస్తుంది, పాత సంగతి ఎత్తకండి అన్నాడు. హైదరాబాద్‌లో నాలాంటి పనే చేసే స్నేహితురాలు, అన్న పేరు మీద నడిపించెయ్, ఊళ్లలో ఇలాంటివి కొత్తా అంది. రిటైరైన ఆఫీసరొకాయన, కార్డు లేకపోయినా పనిచేసినవాడు పనివాడే, చట్టం అతన్ని వదలదు, ఉన్నది ఉన్నట్టు రాయండి అన్నాడు. అయితే మీ సేఠ్ మాత్రం గట్టిగా ఇరుక్కుంటాడు అని కూడా అన్నాడు.

ముగ్గురి మాటా వింటున్నంతసేపూ సరైనదే అనిపించింది. ఫోన్ పెట్టేశాక ఒక్కటీ సరైనదనిపించలేదు.

కులకర్ణి సారు అప్పటికి పని మానేసి కూతురి దగ్గర ఉంటున్నారు. సాయంత్రం వాళ్లింటి వరండాలో కూర్చుని సంగతంతా చెప్పాను.

"సమజ్ కాలె. మల్ల చెప్పు" అన్నారు.

మళ్లీ చెప్పాను. మధ్యలో వీరేశ్ అనబోయి సంగన్న అన్నాను, సంగన్న అనబోయి వీరేశ్ అన్నాను. నాకే చిరాకేసింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. సేఠ్ ఏమన్నాడో చెప్పాను, అన్న ఏమన్నాడో చెప్పాను, వకీలు, స్నేహితురాలు, ఆఫీసరు, అందరి మాటలూ చెప్పాను.

"దెబ్బ తగిలినోడు ఏమంటున్నడు?" అన్నారు.

"వాడేం మాట్లాడలేదు సార్."

"అడిగినవా?"

అడగలేదు. ఎవరమూ అడగలేదు. ఆయన కూతుర్ని పిలిచి నాకు చాయ్ ఇమ్మన్నారు.

వాళ్లింట్లో

కట్టు కట్టి వీరేశ్‌ను రాత్రే ఇంటికి పంపేశారని తెలిసి, మర్నాడు పొద్దున్నే న్యాల్‌కల్ బస్సెక్కాను. వాళ్ల ఊరు మండలం లోపల ఉంది, కర్ణాటక హద్దుకు దగ్గర. ఇంటి ముందు తవ్విన అల్లం కుప్పలు పోసి ఉన్నాయి. పచ్చి అల్లం వాసన ఇల్లంతా ఉంది. వీరేశ్ మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. సంగన్న గడప దగ్గర కూర్చున్నాడు. సంగన్న భార్య చాయ్ తెచ్చి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

ఉన్న దారులన్నీ వీరేశ్‌కు చెప్పాను. అన్న పేరు మీద రాస్తే ఏమవుతుందో, బయటపడితే ఇద్దరికీ ఏం ముప్పో చెప్పాను. నిజం రాస్తే విచారణ జరుగుతుందని, సేఠ్‌కు కోపం వస్తుందని, సంగన్న కొలువు కూడా పోవచ్చని చెప్పాను. పరిహారం వస్తుందని గట్టిగా చెప్పలేనని కూడా చెప్పాను.

"నువ్వేమంటవ్ వీరేశ్?"

ఎడమచేత్తో దిండు సర్దుకున్నాడు.

"నేను పని చేసిన్నని రాయిన్రి మేడం" అన్నాడు. "గంతే."

సంగన్న లేచి నిలబడ్డాడు. "గట్ల రాస్తే సేఠ్ ఇద్దర్ని బయటికి నూకుతడురా. ఇల్లు ఎట్ల నడుస్తది? నా పేరు మీదుంటే నీకొచ్చిన కష్టమేంది? నా కొలువుల నీకు సగం ఇయ్యలేదా?"

"సగం పని ఇచ్చినవ్ అన్నా. పేరు మొత్తం నీ తాన్నే ఉండె."

"పేరుదేముందిరా, మన ఇంటిది."

"ఇంటిదే" అన్నాడు వీరేశ్. కట్టు కట్టిన చేతిని దిండు మీద నుంచి కొంచెం పైకెత్తాడు, నొప్పికి మొహం చిట్లించాడు. "కొలువు ఇంటిది, చేను ఇంటిది. గీ చెయ్యి ఇంటిది కాదన్నా. నాది."

సంగన్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగన్న నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తమ్ముడికి ఏదో ఇంజక్షన్ ఎక్కువైందేమో, మీరైనా సర్ది చెప్పండి అన్నట్టుంది. నేను సర్ది చెప్పలేదు. నాకు చట్టం గురించి అంతకుముందు రోజంతా తెగని చిక్కు ఆ క్షణంలో తెగిపోయింది. మిగతాదంతా మాత్రం అప్పుడే మొదలైంది.

ఎవరి మనిషిని?

బస్వరాజ్‌తో సంతకం పెట్టించడం తేలిక కాలేదు. దెబ్బ సంగతి దాచి డబ్బుతో సరిపెట్టడమూ నేరమేనని, పోనీ అన్న కార్డు మీద తమ్ముణ్ని బోర్డు ముందుకు పంపితే, ఏదో ఒకరోజు ఆ ఇద్దరూ ఒకే గదిలో ఎవరి కంటనో పడతారని, అప్పుడు సంగతి వట్టి పరువు పోవడంతో ఆగదని చెప్పాను. వినీ వినీ ఒక్కటే అడిగాడు.

"మీరు నా మనిషా, వాళ్ల మనిషా మేడం?"

నాకు ఫీజు ఇచ్చేది అతనే. పెన్ను మూత తీసి అతని ముందు పెట్టాను. సంతకం చేసి కాగితం నా వైపు తోశాడు, చాయ్ తాగమని కూడా అనలేదు.

విచారణకు వచ్చిన ఈఎస్ఐ ఆఫీసరుది నాకంటే పెద్ద అయోమయం. ప్రెస్ మీద ఎవరు పనిచేస్తారంటే అందరూ సంగన్న అన్నారు. దెబ్బ ఎవరికి తగిలిందంటే చిన్న సంగన్నకు అన్నారు. "మీరు చెప్తున్నది ఏ సంగన్న గురించి?" అని ఆయన విసుక్కుంటే, ఒక ముసలి పనివాడు, "అల్లం కాలంల సంగన్న సార్, కడమ దినాలల్ల సంగన్న వేరే" అని ఓపికగా వివరించాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మిషన్ తెరిచి సంగన్న రెండు చేతుల వేళ్లూ ఒక్కొక్కటే పెట్టించి చూశారు. పలికింది ఒక్క వేలికే. రెండో వేలు అతనిది కాదని అలా తేలింది.

చాలా తిప్పలు పడ్డాక వీరేశ్‌కు పరిహారం మంజూరైంది. వీరేశ్ పేరు మీద కట్టని పాత చందాలన్నీ జరిమానాతో కలిపి బస్వరాజ్ కట్టాడు. కట్టిన రోజే సంగన్నను పనిలోంచి తీసేశాడు. అన్యాయమని వాదించాను. దొంగ హాజరు వేసినవాణ్ని ఏ చట్టం ప్రకారం ఉంచుకోవాలో చూపించండి మేడం అన్నాడు. హాజరు వేయించిన సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉన్నాడు, వాడి కొలువు పోలేదు. బస్వరాజ్ కొన్నాళ్లు నన్ను మాన్పించి వేరేవాళ్లను పెట్టుకున్నాడు. వాళ్లు ఏదీ అర్థం కాలేదని ఎప్పుడూ అనలేదట, అదే అనుమానం వేసి మళ్లీ నా దగ్గరికే వచ్చాడు.

ఆ ఇల్లు మాత్రం కలిసి నిలవలేదు. నెలనెలా వీరేశ్ పేరు మీద వచ్చే సొమ్ము ఎవరి చేతికి రావాలన్న దగ్గర మొదలై, చేను రెండుగా పంచుకున్నారు. వంటలు వేరయ్యాయి. కబురు తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. యజమాని చెప్పేది వినండి, ఆఫీసరు చెప్పేది వినండి, ఎవరి ఒంటికి దెబ్బ తగిలిందో వాణ్ని మాత్రం ముందు అడగండి. అప్పుడు రిపోర్టు ఎవరి పేరు మీద రాయాలో తెలుస్తుంది. రాసిన తరవాత ఆ ఇంట్లో జరిగేదానికి మీరు బాధ్యులా కాదా అన్నది నన్నడగకండి. రోజుకో రకంగా అనిపిస్తుంది నాకు. వీరేశ్ మొహం గుర్తొచ్చిన రోజున మంచి పని చేశాననుకుంటాను. సంగన్న గుర్తొచ్చిన రోజున నిద్ర పట్టదు.

నామినీ

ఆఫీసు మూసేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం సంగన్న వచ్చాడు. నాలుగైదేళ్లలో జుట్టు నెరిసింది. ఇంకో షెడ్డులో పని దొరికిందట. పనిలో చేరే ప్రతివాడికీ ఇప్పుడు నియామక పత్రం ఇవ్వాలి కాబట్టి, అతని చేతిలో అదీ ఉంది. దానితోపాటు పీఎఫ్ కాగితాలు నింపి తెమ్మన్నారు. నా దగ్గరికి ఎందుకొచ్చాడో, కోపం లేదో, ఇంకెవరూ తెలియదో, అడగలేకపోయాను. కూర్చోమన్నాను.

పేరు, ఊరు, పుట్టిన తేదీ రాశాను. నామినీ దగ్గరికి వచ్చింది. తనకేమన్నా అయితే పీఎఫ్ ఎవరికి చేరాలో రాసే గడి అది.

"వీరేశ్ అని రాయిన్రి మేడం."

పెన్ను ఆపాను. "మాట్లాడుకుంటున్నరా ఇద్దరు?"

"లేదు మేడం. వాడు మాట్లాడడు. వాని చేను గూడ నేనే దున్నుత. వాడు ఇంట్ల లేనప్పుడు పోయి దున్నొస్త. ఎద్దుల తాడు పట్టనీకె రాదు వానికి. నా ఆడిపిల్లలు పెద్దగయిన్రు, ఎట్లనో బతుకుతరు. నాకేమన్నయితే వానికి దిక్కెవరు?"

పెళ్లయి పిల్లలున్నవాడు పీఎఫ్‌కు తమ్ముణ్ని నామినీగా పెట్టడానికి లేదు. రాసినా చెల్లదు. అయినా ఆ రోజు మళ్లీ పుస్తకాలన్నీ తీశాను. ఉద్యోగం చేసే ఆడవాళ్ల అత్తమామల్ని కొత్త కోడ్‌లో కుటుంబంలోకి చేర్చారు, తమ్ముణ్ని కూడా ఏ మూలనైనా చేర్చారేమోనని ఆశ. పేజీలు తిప్పుతుంటే సంగన్న నా వేళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడా లేదు.

"కుదరదు సంగన్నా" అన్నాను. "పెళ్లాం, పిల్లలు, నీమీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, వీళ్లే చట్టం లెక్కల కుటుంబం."

అతను తలూపాడు. 

"మరి కాయిదం మీద వాడు నాకేమైతడు మేడం?"

జవాబు నా ముందు తెరిచిపెట్టిన పుస్తకంలోనే ఉంది. ఏమీ కాడు. జీవితమంతా ఎంతోమందికి ఎన్నో నియమాలు కరాఖండీగా చెప్పినదాన్ని, ఆ రెండు మాటలు చెప్పలేకపోయాను. నీ భార్య పేరు చెప్పమన్నాను. చెప్పాడు. రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.